ఇల్లటము - ఆచారము, శాసనము

చట్టము సంఘమునుండి పుట్టునా, లేక సంఘమే చట్టముచేత దిద్దబడునా యను ప్రశ్న పండితులలో రెండు శతాబ్దములుగా నలుగుచున్నది. దీనికి గ్రంథములలో మాత్రమే యుత్తరము వెదకుట కంటె, మన యిండ్లలో నడచిన యొక యాచారమును బట్టుకొని, అది న్యాయస్థానపు మెట్లెక్కి దిగినప్పుడు దాని రూపమెట్లు మాఱినదో చూచుట మేలని మా యభిప్రాయము. అట్టి యాచారమునకై మేము దూరము పోనక్కరలేదు. మా చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల రైతు కుటుంబములకును, ఉత్తరమున కడప, కర్నూలు, బళ్లారి సీమలవారికిని, తూర్పున నెల్లూరివారికిని తెలిసిన యిల్లటమే యది. ముఖ్యముగ రెడ్లలోను, కమ్మవారిలోను ఇది బహుకాలముగ నున్నది.

ఇల్లటమును ఇల్లరికముతో గలిపి మాటలాడుట లోకమున గలదు. రెంటికిని భేదమున్నది. అత్తవారింట కాపురముండు అల్లుడెవ్వడైనను ఇల్లరికపుటల్లుడే. అతనికి అన్నము గలదు, పని గలదు, ఆస్తిలో హక్కు లేదు. 1959లో వచ్చిన ‘ఇల్లరికం’ చలనచిత్రము ఆ మాటను ఇంటింటికి చేర్చినది. ఇల్లటపుటల్లుని సంగతి వేఱు. కొడుకులు లేని రైతు తన కూతునకు సంబంధము చూచునపుడు వరుని తన యింటికి తెచ్చుకొని, ఇచ్చట నుండి సేద్యము చూచినయెడల తన యాస్తిలో కొడుకు పాలు అతనిదేయని పెద్దమనుషుల యెదుట మాట యిచ్చును. ఆ మాటయే యిల్లటమునకు ప్రాణము. తరువాత ఆ రైతునకు మగబిడ్డ పుట్టినను మాట చెడదు. అల్లుడును ఆ కొడుకును సమభాగములు పంచుకొందురు.

దత్తతకును దీనికిని గూడ పోలిక తక్కువ. దత్తపుత్రుడు కన్నవారి గోత్రమును, ఆస్తిని విడిచి వచ్చును. పెంచినవారికి పిండము పెట్టును. ఇల్లటపుటల్లుడు దేనిని విడువడు. తండ్రి యింటిపేరే అతని పేరు; తండ్రి యాస్తిలో భాగము యథాప్రకారము అతనికి గలదు. మామగారికి ఉత్తరక్రియలు చేయవలెనన్న నిర్బంధమును లేదు. ఇందులో మతసంబంధమైన తంతు ఒక్కటియు గానరాదు. మా పాఠశాలలో పిల్లలను జేర్చుకొనునపుడు మేము దీని జాడను పలుమాఱు చూచియున్నాము. తాతగారి యిల్లు ఊరిలో ఒక పేరున ప్రసిద్ధమైయుండును. ఆ యింటనే పుట్టి పెరిగిన మనుమడు మఱియొక యింటిపేరుతో చేరును. ఒక తరము గడచునప్పటికి ఇంటికి పాతపేరు, ఇంటిలోనివారికి క్రొత్తపేరు.

ఇట్టి యాచారము ఏల పుట్టెనో ఊహించుట కష్టము గాదు. మాది మెట్టసీమ. చెఱువు నిండిన యేడు వరి, నిండని యేడు రాగి. నీరు బావిలోనుండి రావలెను. బావికి కపిల తోలు మనిషి యుండవలెను. ఇట్టిచోట భూమి విలువ పట్టాలో లేదు, దానిపై వంగి పనిచేయు చేతులలో నున్నది. కొడుకు లేని యింటికి కావలసినది పిండము పెట్టువాడు కాదు, మడక పట్టువాడు. కృష్ణా గోదావరీ డెల్టాలలో భూమియే కూలివానిని పిలుచుకొనును. మెట్టసీమలో మనిషిని బంధుత్వముతో కట్టివేయవలసివచ్చెను. ఇది మా ఊహయే యైనను, ఈ యాచారము దత్తమండలములలో వేరూనుటకు వేఱొక కారణము మాకు తోచుటలేదు.

ఇక శాస్త్రమున దీనికి చోటున్నదా యని చూతము. ధర్మశాస్త్రములు పండ్రెండు విధముల పుత్రులను జెప్పినవి. వారిలో పుత్రికాపుత్రుడొకడు. కొడుకు లేని తండ్రి కూతునకు వివాహము చేయుచు, ఆమెకు పుట్టు కుమారుడు తనకు కుమారుడగునని నియమము చేసికొనును. పైచూపునకు ఇది యిల్లటమువలెనే యుండును. కాని శాస్త్రమున కొడుకగువాడు కూతురి బిడ్డ; అల్లుడు నడుమ నిమిత్తమాత్రుడు. ఇల్లటమున హక్కు నేరుగ అల్లునిదే. పుత్రికాపుత్రుడు కలియుగమున చెల్లడని నిబంధనకారులు తోసివేసిన పిమ్మట, ఆ పోలికయు నిలువలేదు. కనుక ఇల్లటము గ్రంథమునుండి పొలమునకు దిగినది కాదు, పొలముననే మొలచినది.

అంతమాత్రమున శాస్త్రకారులు లోకాచారమును ఎఱుగని వారనుకొనుట పొరపాటు. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076 - 1126 నడుమ, యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు స్వత్వవిచారమున నొక గొప్ప మాట చెప్పినాడు. ఇది నాది యను హక్కు శాస్త్రమువలన పుట్టినది కాదట. శాస్త్రమెఱుగనివారిలో గూడ కొనుట, అమ్ముట, ఇచ్చుట కలవు గనుక అది లౌకికమేనట. మఱియు, శాస్త్రమున విధింపబడినదైనను లోకము అసహ్యించుకొను పనిని చేయరాదను యాజ్ఞవల్క్యుని నియమమును బట్టి, పెద్దకొడుకునకు ఎక్కువపాలు ఇచ్చు పద్ధతిని అతడు త్రోసివైచెను. గ్రంథకర్తయే లోకమును సాక్షిగ పిలిచిన తావు లివి. ఆ గ్రంథసారమును తిక్కనసోమయాజికి సమకాలికుడైన కేతన పదమూడవ శతాబ్దిలోనే ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములతో తెనుగు పద్యములలో కూర్చెను. తెలుగువానికి ధర్మశాస్త్రము తన భాషలో దొరకి యేడు శతాబ్దములకు పైనైనది.

ఆంగ్లేయులు వచ్చిన పిమ్మట మితాక్షర గతి మాఱెను. 1772లో వారన్ హేస్టింగ్సు చేసిన న్యాయపద్ధతిలో దాయము, వివాహము, కులము మొదలగు విషయములందు హిందువులకు శాస్త్రమే ప్రమాణమని నిర్ణయింపబడెను. ఏది శాస్త్రమో దొరలకు తెలియవలెను గదా! హాల్‌హెడ్ సంకలనము 1776లోను, జోన్సు దొర మనుస్మృతి అనువాదము 1794లోను వెలువడెను. కోల్‌బ్రూకు 1810లో మితాక్షరనుండి దాయవిభాగమును మాత్రమే ఆంగ్లీకరించెను. విశాలమైన గ్రంథమునుండి ఆస్తి ప్రకరణము నొక్కదానిని కోసి తీసి, బల్లమీద నుంచుకొని, అదియే దక్షిణదేశపు సమస్త జనులకు చట్టమని తీర్పరులు తీర్పులు చెప్పసాగిరి. సందేహము కలిగినప్పుడు కోర్టు పండితుని అడుగుచుండిరి. 1864లో ఆ పండితపదవులను గూడ తీసివేసిరి. అటుపిమ్మట ఒక తీర్పునకు ప్రమాణము అంతకు ముందటి తీర్పే.

1873 నాటి మదరాసు సివిలు కోర్టుల చట్టములో దాయాది విషయములకు రెండు వాకిళ్లు తెఱువబడినవి. ఒకటి హిందూ ధర్మశాస్త్రము. రెండవది చట్టబలముగల ఆచారము. వినుటకు సమముగ నున్నవి. కాని శాస్త్రమును పేర్కొన్న వాదికి సాక్ష్యముతో పనిలేదు, న్యాయాధిపతికి అది ముందే తెలిసియుండును. ఆచారమును పేర్కొన్నవాడు మాత్రము అది పురాతనమనియు, నిశ్చితమనియు, ఎడతెగక నడచుచున్నదనియు సాక్షులతో నిరూపింపవలెను. తరతరములుగ ఒక కులమువారందఱు నడచుకొనుచున్నది విశేషమైనది. వారిలో నొక్కడైనను చదివి యెఱుగని పుస్తకము సామాన్యమైనది! రామనాథపురము జమీందారీ దత్తతవ్యాజ్యమున 1868లో ప్రీవీ కౌన్సిలువారు స్పష్టముగ రుజువైన ఆచారము గ్రంథవాక్యము కంటె బలీయమని చెప్పిరి. ఆ తీర్పును మన వకీళ్లు నేటికిని తలచుకొందురు. కాని అందులోని ‘స్పష్టముగ రుజువైన’ అను విశేషణము ఎంత బరువైనదో, వ్రాతకోతలు లేని పల్లెరైతునకే తెలియును.

ఈ స్థితిని జూచి కోపించినవాడు మదరాసు రాజధానిలో న్యాయాధికారిగ నుండిన నెల్సను దొర. మధుర మండలచరిత్రను 1868లో వ్రాసినవాడితడే. 1877లో మదరాసు హైకోర్టు నడపుచున్న హిందూ ధర్మముపై నొక విమర్శగ్రంథమును, 1881లో మఱియొకదానిని ప్రకటించెను. చట్టమెఱుగని సంస్కృతజ్ఞులును, సంస్కృతమెఱుగని న్యాయవాదులును గూడి కల్పించిన మనోభూతమే ఈ హిందూ చట్టమని అతడెగతాళి చేసెను. దక్షిణాది కులములలో ననేకమునకు ఈ శాస్త్రముతో సంబంధము లేదనియు, వారి వారి యాచారములనే కనుగొని అమలు జరుపవలెననియు అతని వాదము. హైకోర్టు న్యాయమూర్తి ఇన్నీసు 1882లో దీనిని ఖండించుచు వేఱొక పుస్తకము వెలువరించెను. జనులు అనేక సంవత్సరములుగ ఏ నియమములను నమ్మి ఆస్తులు పంచుకొనిరో వానిని కదల్చుట ప్రమాదమని అటువంటివారి భయము. నడిమి త్రోవ పట్టినవాడు మెయిను. అతని 1878 నాటి గ్రంథమునకు పేరే హిందూ ధర్మము - ఆచారము.

ఈ వాదమునకు వెనుక ఐరోపా పండితుల తగవు దాగియున్నది. చట్టమనగా ప్రభువు ఆజ్ఞ యని 1832లో ఆస్టిను సిద్ధాంతము చేసెను. అంతకు ముందే, 1814లో, జర్మనీ పండితుడు సావిన్యీ చట్టము భాషవలె జాతిహృదయమున పెరుగునదిగాని ఎవరో కూర్చుండి కల్పించునది కాదని వ్రాసెను. హెన్రీ మెయిను 1861లో ‘ప్రాచీన ధర్మము’ అను గ్రంథమును ప్రకటించి, మఱుసటి యేడు మన దేశమునకు గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుడుగ వచ్చి 1869 వఱకు నుండెను. ఈ మెయిను, పైని చెప్పిన మెయిను వేఱువేఱు మనుష్యులు. తెలుగు వ్రాతలో పేర్లు కలిసిపోవుటచే చదువరులను హెచ్చరించుచున్నాము. పుట్టుకచే నిర్ణయింపబడు స్థితినుండి ఒడంబడికచే నిర్ణయింపబడు స్థితికి నాగరక సంఘములు నడచినవని అతని మాట. మా యిల్లటము ఈ మాటకు విచిత్రమైన యుదాహరణము. చదువురాని రైతు, పుట్టుకచే రాని కొడుకును ఒడంబడికచే సంపాదించుకొనుచున్నాడు!

ఇప్పుడు కోర్టునకు వత్తము. 1881లో మదరాసు హైకోర్టు, బళ్లారి, కర్నూలు జిల్లాల మోటాటి కాపులలో, అనగా రెడ్లలో, ఇల్లటము చెల్లునని తీర్పు చెప్పెను. ఆ సమయమునకు కొడుకు లేనివాడు, ఇకముందు కొడుకు కలుగునను ఆశ యున్నను లేకున్నను, కూతుండ్రు ఒకరు కంటె ఎక్కువ యున్నను, ఇల్లటపుటల్లుని తెచ్చుకొనవచ్చును. అల్లుడు దాయవిషయమున కొడుకు స్థానమున నిలుచును. పిమ్మట పుట్టిన కొడుకుతో సమభాగము పొందును. నెల్సను పక్షమువారికి ఇది జయమువలె కనబడి యుండును. ఆచారము గ్రంథమును గెలిచినది గదా!

గెలిచిన యాచారము ఏ వేషమున బయటికి వచ్చెనో చూడవలెను. తరువాతి తీర్పులలో ఒక్కొక్క నియమము చేరెను. ఇంట నుండి పనిచేసినంత మాత్రమున చాలదు, భాగమిత్తునన్న స్పష్టమైన ఒడంబడిక రుజువు కావలెను. మామ బ్రదికియుండగ, ప్రత్యేకమైన కరారు లేనియెడల, అల్లుడు భాగము పంచుమని యడుగరాదు. అతనికిని, మామకొడుకునకును నడుమ అవిభక్త కుటుంబపు ఉత్తరజీవిహక్కు లేదు. ఎవరి పాలు వారిదే. అన్నింటికంటె ముఖ్యమైనది మఱియొకటి. అతనికి వచ్చిన పాలు అతని స్వంతపుటాస్తి; అతడు చనిపోయిన పిమ్మట అది అతని వారసులకు పోవునుగాని మామగారి వారసులకు పోదు.

ఈ చివరి నియమము పనిచేయు తీరును ఒక దృష్టాంతముతో చూతము. అన్నదమ్ములతో వేఱుపడిన ఒక రైతు, పదియెకరముల మెట్ట, ఒక బావి, ఒకతే కూతురు. ఇల్లటపుటల్లుని తెచ్చుకొనెను. మామ పోయెను, అత్త పోయెను. కూతురు ఒక ఆడుబిడ్డను కని మరణించెను. అల్లుడు మరల పెండ్లియాడెను. రెండవ భార్యకు ఇద్దఱు కొడుకులు. 1956కు పూర్వము అతడు చనిపోయినచో ఆ పదియెకరములు ఎవరివి? రెండవ భార్య కొడుకులవి. కొడుకులుండగ కూతునకు దాయభాగము లేదు. ఏ రైతు తన వంశము నిలుపుకొనుటకై ఇల్లటము చేసెనో, ఆ రైతు రక్తము పంచుకొన్న ఆ మనుమరాలికి ఆ భూమిలో హక్కు లేదు. ఆ రైతును కన్నెత్తి చూడనివారికి సమస్తము గలదు.

చదువరులు ఇంకొక సంగతి గమనింపవలెను. ఆ రైతు ఇల్లటమే చేయకుండినయెడల ఏమయ్యెడిది? మితాక్షర చెప్పిన క్రమమున, వేఱుపడిన వానికి కొడుకులు, మనుమలు లేకున్న ఆస్తి భార్యకు, ఆమె పిమ్మట కూతునకు చెందును. కోర్టులు ఆ హక్కును జీవితకాలమునకు పరిమితము చేసినవి, అమ్ముకొనుటకు అడ్డములు పెట్టినవి. అయినను హక్కు ఆమె పేరనే యుండును. అనగా ఏ పుస్తకమును పరాయిదని నెల్సను నిందించెనో ఆ పుస్తకము కూతునకు కొంత యిచ్చినది. ఏ యాచారమును జనుల స్వంతమని అతడు మెచ్చెనో ఆ యాచారము, అదే భూమిని ఆమె కన్నులయెదుటనే ఆమె భర్త చేతిలో పెట్టినది. సంస్కర్తలలో గ్రంథమన్నచో మండిపడి, ఆచారమన్నచో జనవాణి యని చేతులు జోడించువారు కొందఱున్నారు. వారు ఈ లెక్క నొకమాఱు వేసి చూడవలెనని మా కోరిక.

అయినచో ఇంటి ఆడువారు ఇల్లటమునకు ఏల సమ్మతించిరి? వారిని అడిగినవారుండిరా యన్నది వేఱు ప్రశ్న. కాని వారికి అందులో లాభము లేకపోలేదు. ఆస్తి పేరున నున్నను దున్నువాడు లేని స్త్రీకి, దాయాదుల తగవులతో కోర్టు గుమ్మమెక్కలేని స్త్రీకి, ఆ హక్కు కాగితమాత్రమే. ఇల్లటము ఆమెకు భూమి నీయలేదు, చోటు నిచ్చినది. పెండ్లియైన పిల్ల పరాయియింట కోడలై తలవంచుకొని తిరుగనక్కరలేదు. తల్లి పొయ్యి దగ్గఱనే ఆమె పొయ్యి. పురుటికి పుట్టింటికి పోవు పనిలేదు, పుట్టింటనే యున్నది. భర్త కేకవేసినను, ఆ కేక ఆమె తండ్రి యింటి గోడల మధ్య వినబడును. వాని గొంతు దానంతట అదియే కొంత తగ్గును. ముసలి తల్లిని చూచుకొనువారు ఎవరన్న ప్రశ్న యుండదు. ఈ యాచారమునకు సారమంతయు ఇదియేనని మా తలంపు.

ఆ సారమును కోర్టు వ్రాసికొనలేకపోయెను. వ్రాసికొనుటకు అచ్చట గడి లేదు. కొడుకు స్థానము, సమభాగము, స్వార్జితము, వారసులు అనునవియే న్యాయాధిపతి యెఱిగిన మాటలు. వ్యాజ్యమునకు వచ్చినవారును, సాక్ష్యమిచ్చిన పెద్దమనుషులును చాలవఱకు పురుషులే. మామకును అల్లునికిని నడుమ జరిగిన యొక బేరముగ ఇల్లటము తీర్పులకు ఎక్కెను. ఎవతె కొఱకు ఆ బేరము జరిగెనో ఆమె, వివాహము చేసికొన్న కూతురను వర్ణనలో మాత్రము మిగిలెను. ఊరిలో నైనచో, రెండవ పెండ్లి చేసికొన్న ఇల్లటపుటల్లుని పెద్దలు పిలిచి, మొదటి భార్య బిడ్డకు ఇంత భూమి పసుపుకుంకుమ క్రింద వ్రాసియిమ్మని నలుగురిలో నిలదీయుటకు అవకాశమైనను గలదు. తీర్పు ముద్రింపబడిన పిమ్మట అతడు పెద్దలకు జవాబు చెప్పనక్కరలేదు. మదరాసు ప్రభుత్వము 1816లో గ్రామ మున్సిఫులను, పంచాయతులను చట్టబద్ధము చేసినను జనులు వానిని అంతగ ఆశ్రయింపలేదు. గెలుపు పెద్ద కోర్టులోనే గెలుపని వారికి తోచినది.

నెల్సను గతించిన పిమ్మట ఐరోపాలో అతని మాటవంటి మాటనే శాస్త్రముగ చెప్పినవాడు ఏర్లిక్కు. ఆస్ట్రియా సామ్రాజ్యపు తూర్పుకొననున్న బుకోవినా మండలమున, చెర్నోవిట్సు పట్టణ విశ్వవిద్యాలయములో అతడాచార్యుడు. అక్కడ పలుజాతుల రైతులు పక్కపక్కనే బ్రదుకుచుండిరి. అందఱికిని 1811 నాటి ఆస్ట్రియా పౌరచట్టమొకటే. బిడ్డ స్వయముగ ఆర్జించిన కూలి బిడ్డదేయని ఆ చట్టము. అయినను అక్కడి రుమేనియా రైతుల యిండ్లలో తండ్రియే పిల్లల కూలిడబ్బు పుచ్చుకొనును. చట్టము అట్లు లేదని చెప్పినను ఎవ్వరును వినిపించుకొనరు. దీనిని చూచి, జనులు నిజముగ నడచుకొను ధర్మమునకు ‘జీవించు చట్టము’ అని పేరుపెట్టి, చట్టవికాసమునకు కేంద్రము శాసనసభలోను, తీర్పులోను లేదు, సంఘములోనే యున్నదని అతడు 1913లో తన గ్రంథమున ప్రతిపాదించెను. మాట గొప్పది. కాని అతని యుదాహరణమే మాకు మఱియొక ప్రశ్న వేయుచున్నది. కూలిడబ్బు తండ్రికిచ్చిన ఆ బుకోవినా పిల్ల దానిని చట్టమని యనుకొనెనా, తండ్రి చేతికఱ్ఱ యని యనుకొనెనా?

మన దేశమున శాసనకర్తలు మెల్లమెల్లగ కదలిరి. 1929 చట్టము మనుమరాండ్రను, సోదరిని వారసుల వరుసలో చేర్చెను. 1937 చట్టము వితంతువునకు భర్త పాలులో పరిమితమైన హక్కు నిచ్చెను; కూతుండ్రకు దానివలన కలిగినదేమియు లేదు. 1941లోను, 1944లోను బెనెగల్ నరసింగరావుగారి సంఘములు కూర్చుండెను. అంబేడ్కరుగారు హిందూకోడు బిల్లు నడవకపోవుట మొదలగు కారణములచే 1951లో మంత్రిపదవిని విడిచిరి. 1956 జూన్ 17న హిందూ వారసత్వచట్టము వచ్చెను. తాను నిర్ణయించిన విషయములలో పాత శాస్త్రవాక్యము గాని, ఆచారము గాని చెల్లదని దాని 4వ సెక్షను. కూతురు కొడుకుతోపాటు తండ్రికి మొదటితరగతి వారసురాలయ్యెను. ఇల్లటము వారసత్వాచారముగ దాని పూర్వబలమును కోల్పోయెను. గ్రంథము, ఆచారము రెండును ఒక్క వాక్యముతో పక్కకు తప్పుకొనెను. ఆస్టిను బ్రదికియుండినయెడల చప్పట్లు కొట్టియుండును.

అయినను అవిభక్త కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే మిగిలెను. ఆ గోడను కూలద్రోయుటలో తెలుగుదేశము ముందు నడచినది. కేరళము 1975 చట్టముతో అవిభక్త కుటుంబమునే తీసివేసెను. కుటుంబము నుంచి కూతునకు కొడుకుతో సమముగ జన్మహక్కు నిచ్చిన మొదటి రాష్ట్రము ఆంధ్రప్రదేశమే. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము చేసిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించెను. ఆ తేదీకి ముందు పెండ్లియైన కూతుండ్రకు మాత్రము అది లేకపోయెను. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేదు, చెల్లికి గలదు! 2005 సెప్టెంబరు 9న అమలునకు వచ్చిన కేంద్రసవరణ ఆ భేదమును తొలగించెను. ఆ నాటికి తండ్రి బ్రదికియుండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చెను.

ఇంతటితో కూతునకు భూమి దక్కినదా? మా ప్రాంతమున పెండ్లిళ్లు, ఆస్తిపంపకములు చూచుచున్నవారమగుటచే, దక్కవలసినంత దక్కలేదని చెప్పుటకు సంకోచింపము. తండ్రి పోయిన పిమ్మట అన్నదమ్ములు దస్తావేజు వ్రాయించుకొని వత్తురు. అందులో అక్కచెల్లెండ్రు తమ భాగమును తమ యిష్టపూర్వకముగ విడుచుకొనుచున్నట్లు వ్రాసియుండును. పెండ్లికి పెట్టిన బంగారమును, ఇచ్చిన కట్నమును లెక్కలోనికి వచ్చును. కట్నము 1961లోనే చట్టముచే నిషేధింపబడినదని ఆ లెక్కవేయువారికి జ్ఞాపకముండదు. ఆడుబిడ్డ సంతకము చేయును. ఏలయనగా భూమి పుచ్చుకొన్నయెడల పుట్టింటి వాకిలి మూసికొనునను భయము. పండుగకు పిలుపు, పురుటికి తోడు, భర్త కొట్టిననాడు వచ్చి తలదాచుకొనుటకు ఒక గది, ఇవియన్నియు అన్నగారి చేతిలో నున్నవి. చోటా, ఆస్తియా యని అడిగినపుడు ఆమె చోటును ఎన్నుకొనుచున్నది. నూఱేండ్లకు ముందు ఇల్లటమున ఆమె తాతలు ఆమె తరఫున చేసిన యెన్నికయే యిది; ఇప్పుడు సంతకము ఆమెచేత పెట్టించుచున్నారు.

ఏర్లిక్కు శిష్యులు దీనిని జీవించు చట్టమందురు గాబోలు. మేము అనము. ఎన్నుకొనుటకు రెండవ త్రోవ నిజముగ నున్ననాడుగదా ఆ సంతకమునకు సమ్మతి యని పేరు! అట్లని చట్టము వ్యర్థమని వాదించుటయు మాకు సమ్మతము గాదు. 1985కు ముందు ఆమె సంతకముతో వారికి పనియే లేకుండెను. నేడు ఆ సంతకము లేనిదే అన్నగారి క్రయదస్తావేజును కొనువాడు నమ్ముటలేదు. అందుచేతనే ఆమె యింటికి కారు పంపి, చీర పెట్టి, రిజిస్ట్రారు కచేరికి తోడుకొనిపోవుచున్నారు. ఆ ప్రయాణమున ఆమెతో మాటలాడువారెవరు? దస్తావేజులో నున్నదేమో, తాను విడుచుచున్న భూమి ఎన్ని యెకరములో, నేటి వెల యెంతయో, అన్నదమ్ములు వెలుపల నిలుచుండగ ఆమె కొక్కతెకు చదివి చెప్పి, ఆమె నోట జవాబు విన్న పిమ్మటనే ముద్రవేయవలెనని నియమము చేసినచో ప్రభుత్వమునకు ఒక్క రూపాయి వ్యయము గాదు. అట్టి నియమము వచ్చులోపల, మన యిండ్లలో ఇట్టి దస్తావేజు తయారగుచున్నపుడు, దానిని ముందురోజే ఆ యాడుబిడ్డ చేతికిచ్చి, ఒక రాత్రి ఆమె దగ్గఱ నుంచవచ్చును.